పాత లోగిలిలో స్నానాల గది
(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా రాయవరం సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 అనగానే మనకు నకారా కేసు గుర్తుకు వస్తుంది. పెన్షను ప్రభుత్వం దయతలచి ఇచ్చే భిక్ష కాదు, చేసిన సేవకు దక్కిన హక్కు అని సుప్రీంకోర్టు 1982లో ఈ రోజునే తీర్పు చెప్పింది. దాని గురించి, రావలసిన డి.ఆర్. బకాయిల గురించి నాకంటె బాగా చెప్పగల వక్తలు ఈ వేదిక మీదనే ఉన్నారు. నన్ను కార్యదర్శిగారు "ఇళ్ళ మరమ్మతుల మీద ఏదైనా చెప్పండి మాస్టారూ" అన్నారు. ఇల్లంతా చెప్పాలంటే పూట చాలదు గనుక ఒకే ఒక్క గది గురించి చెబుతాను. ఎనిమిదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు. స్నానాల గది.

నవ్వకండి. మన సంఘంలోనే ఒక మిత్రుడు ఉండేవారు. పేరు చెప్పను, చాలామందికి తెలుసు. తెల్లవారుజామున స్నానాల గదిలో జారి పడ్డారు. తుంటి ఎముక విరిగింది. పిల్లలు హైదరాబాదు తీసుకుపోయారు. ఆపరేషను బాగానే జరిగింది, మనిషి నడుస్తున్నారు కూడా. కాని మళ్ళీ ఊరికి రాలేదు. "అంత పెద్ద ఇల్లు నాన్నగారొక్కరికీ ఎందుకు, ఆ బాత్రూముతో ప్రమాదం" అన్నారు పిల్లలు. తాతల నాటి మండువా లోగిలి అమ్మకానికి పెట్టారు. పెంకులు బాగున్నాయి, దూలాలు బాగున్నాయి, గోడలు ఇంకో నూరేళ్ళుంటాయి. ఆ ఒక్క గది బాగా లేదు.

నేను గమనించినంతలో మన చుట్టుపక్కల పాత ఇళ్ళు పడగొట్టించేది చాలాసార్లు చెదలూ కాదు, గాలివానా కాదు. ఈ గదే. అది వయసు మీరినవాళ్ళకు పనికిరాదు, కోడళ్ళకు నచ్చదు. దాన్ని బాగుచేయించబోతే మేస్త్రి వచ్చి "ఎందుకండీ, మొత్తం తీసేసి స్లాబు వేసేద్దాం" అంటాడు. అందుచేత ఆ గదిని తక్కువ ఖర్చుతో, ఇంటి తీరు చెడకుండా ఎలా బాగుచేసుకోవచ్చో నాకు తెలిసినంతవరకు మనవి చేస్తాను.

మొదట మన పాత స్నానాల గది ఎలాంటిదో ఒకసారి తలచుకుందాం. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. కాలువలు వచ్చాయి, పంటలు పండాయి, తరవాత రెండు మూడు తరాలలో డెల్టాలో పెద్ద పెద్ద లోగిళ్ళు లేచాయి. బర్మా టేకు ద్వారబంధాలు, అడుగున్నర మందాన ఇటుక గోడలు, డంగుసున్నం, మధ్యన మండువా. 1865లో మంగుళూరులో బాసెల్ మిషను వారు పెంకుల ఫ్యాక్టరీ పెట్టిన తరవాత ఆ రకం బిళ్ళపెంకు దేశమంతా పాకింది గనుక మనకూ వచ్చింది. ఇంత ఇంట్లోనూ స్నానాల గది మాత్రం వెనక వసారా చివరన, నూతికి దగ్గరగా ఉండేది. ఒక నీళ్ళ పొయ్యి, దాని మీద రాగి కాగు, పక్కన గోలెం, కూర్చోవడానికి ఒక రాతిబండ, గోడలో సున్నిపిండికీ కుంకుడు రసానికీ ఒక గూడు, నీరు పోవడానికి ఒక తూము. ఆ తూము నీళ్ళు అరటి మొక్కలకు. అంతే. ఎంత పొందికైన ఏర్పాటో చూడండి.

పాతదంటే అంతా నిలబెట్టుకోవలసిందేనని నేను అనను. ఆ ఇళ్ళకు దొడ్డి చివరన ఒక పాయిఖానా, దాన్ని ఎత్తి శుభ్రం చేసే మనుషులు రావడానికి వెనక వేపు ఒక చిన్న తలుపు ఉండేవి. ఆ పద్ధతిని నిషేధిస్తూ 1993లో ఒకటి, 2013లో మరొకటి చట్టాలు వచ్చాయి. సాటి మనిషి చేత అటువంటి పని చేయించిన రోజులను "ఆ కాలమే వేరు" అని నేను మురిసిపోలేను. ఆ తలుపు మా ఇంట్లో ఇటుకలతో మూయించేశాం. కాగు మాత్రం ఉంచుకున్నాం.

పత్రికల్లో పాతకాలపు స్నానాల గది అంటే కాళ్ళున్న ఇనుప తొట్టి, ఆరు పలకల తెల్ల టైళ్ళు, పొడుగు మెడ కుళాయి బొమ్మలు వేస్తారు. అది ఇంగ్లండువారి పాతకాలం. మనది గచ్చు, సున్నం, ఇత్తడి, రాయి. ఇందులో ఖరీదైనది ఇత్తడి ఒక్కటే, అదీ ఇంట్లో ఉండనే ఉంటుంది. మన పాత తీరు ఖర్చు తక్కువ తీరే. చేసే మనిషి దొరకాలి, మనం దగ్గర నిలబడాలి. పెన్షనర్లకు కావలసినంత తీరిక ఉంది కదా!

ఇక పనిలోకి వద్దాం. ఏది చేసినా ఏప్రిల్, మే నెలల్లో, కాలువలు కట్టేసినప్పుడు మొదలుపెట్టండి. మన డెల్టాలో కాలువ పారుతున్నన్నాళ్ళూ భూమిలో నీరు పైకి ఉంటుంది. అప్పుడు నేల తవ్వితే గుంటలో నీరు ఊరుతూనే ఉంటుంది, వేసిన గచ్చు ఆరదు. గోడ అడుగున చెమ్మ ఎంత ఎత్తుకు ఎక్కుతుందో వేసవిలోనూ వానాకాలంలోనూ బొగ్గుతో గీత పెట్టి చూసుకోండి. రెండు కాలాల్లోనూ ఒకే ఎత్తున ఉంటే అది భూమి చెమ్మ కాకపోవచ్చు, పైపు కారుతూ ఉండవచ్చు.

ఆ చెమ్మ చూడగానే మేస్త్రులు చేసే పని పాత సున్నం చెక్కేసి సిమెంటు కొట్టడం. సున్నపు గోడ ఊపిరి పీల్చే గోడ. లోపలి చెమ్మ ఆ సున్నం గుండా బయటికి ఆరిపోతుంది. దాని మీద సిమెంటు పట్టించి, ఆపైన ఆయిల్ పెయింటు వేస్తే చెమ్మకు దారి మూసుకుపోతుంది. అది అక్కడే మగ్గి, ఇంకా పైకి ఎక్కి, సిమెంటు పట్టుకుని పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. ఊడేటప్పుడు పాత ఇటుక ముఖాన్ని కూడా లాక్కుపోతుంది. అందుచేత నీళ్ళు పడే చోట, అంటే నాలుగడుగుల ఎత్తు వరకు మాత్రమే గట్టి పూత వేయించి, ఆ పైన సున్నమే ఉంచండి. గుల్లసున్నం నానబెట్టి, మెత్తటి ఇసుక, ఇటుక పొడి కలిపి వేయిస్తే చాలు. మన పెద్దలు కరక్కాయ నానబెట్టిన నీళ్ళు, బెల్లం కలిపేవారు. ఆ పైన ఏటా ఒకసారి వెల్ల. సున్నానికి క్షారగుణం ఉంది గనుక బూజు తొందరగా పట్టదు. ఒక వెల్ల కుంచె, ఒక రోజు కూలి. ఇంతకంటె చవకైన రంగు నాకు తెలియదు.

నాలుగడుగుల వరకు ఏం వేయాలి, నేల మీద ఏం వేయాలి అన్నది అసలు ప్రశ్న. షాపువాడు చూపించే మెరిసే టైలు మన ఇంటికి నప్పదు, పైగా తడి కాలికి జారుతుంది. తమిళదేశంలో చెట్టినాడు దగ్గర ఆత్తంగుడి అనే ఊళ్ళో ఇప్పటికీ చేత్తో పూల టైళ్ళు చేస్తారు. అద్దం పలక మీద అచ్చు పెట్టి, రంగు సిమెంటు పోసి, కాల్చకుండా నీళ్ళలో నానబెట్టి ఆరబెడతారు. చాలా అందమైనవి. వసారాలో వేసుకుంటే ఇంటికి కళ. కాని అంత దూరం నుంచి తెప్పించే ఖర్చు, దారిలో విరిగేవి, ఆపైన సబ్బునీటికి పడే మరకలు లెక్క వేసుకుంటే స్నానాల గదికి నేను సలహా చెప్పను.

నా ఓటు ఎర్ర గచ్చుకే. రెడ్ ఆక్సైడ్ నేల. మనలో చాలామంది ఆ నేల మీద పాకి పెరిగినవాళ్ళమే. పద్ధతి చెబుతాను, ఎందుకంటే ఇప్పటి కుర్ర మేస్త్రులలో తెలిసినవారు తక్కువ. ముందు నేల గట్టిగా దిమ్మిస కొట్టించి, ఇటుక జల్లి కాంక్రీటు వేయించాలి. వాలు అక్కడే రావాలి, పైపూతలో కాదు. అడుగుకు పావు అంగుళం చాలు, అంటే ఎనిమిదడుగుల గదికి రెండంగుళాలు. గుమ్మం వేపు ఎత్తు, స్నానం చేసే చివరన పల్లం. అప్పుడు నీరు గుమ్మం దాకా రానే రాదు. ఆ పైన సిమెంటు పూత, అది పచ్చిగా ఉండగానే సిమెంటు, మెత్తటి ఇసుక, ఆక్సైడ్ కలిపిన రంగు పూత. ఎర్రగా రావాలని ఆక్సైడ్ గుమ్మరించకూడదు. సిమెంటు తూకంలో పదోవంతు దాటితే పూత బలం తగ్గుతుంది. పొడిగా ఉన్నప్పుడే రెండూ జల్లెడ పట్టి కలపాలి, మొత్తం గదికి కావలసినదంతా ఒకేసారి కలపాలి, ఒకే రోజున పూర్తి చేయాలి. రేపటికి మిగిలిస్తే రంగు తేడా వచ్చి అతుకు కనిపిస్తుంది. తరవాత కనీసం ఏడు రోజులు తడి ఆరకుండా చూడాలి.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం. వసారాలో గచ్చు అద్దంలా నున్నగా తీయించుకుంటే గొప్ప. స్నానాల గదిలో అదే గొప్ప తుంటి విరగ్గొడుతుంది. పూత పచ్చిగా ఉండగా తాడు అదిమి గళ్ళు కొట్టించండి. పాతకాలంలో నూతి చప్టాల మీద ఆ గళ్ళు చూసే ఉంటారు. మా ఇంట్లో పని చేసిన పెద్ద మేస్త్రికి ఈ మాట చెప్పగానే "ఆయ్, మా నాన్న కొట్టేవాడండి, నేను కొట్టి పాతికేళ్ళయిందండి" అని మొహం విప్పారించుకున్నాడు. మర్నాడు తన కొడుకుని వెంటబెట్టుకొచ్చి దగ్గరుండి నేర్పాడు. చుట్టూ నాలుగంగుళాల నల్ల అంచు కూడా వాళ్ళంతట వాళ్ళే వేశారు, చీరకు వేసినట్టు. నేను అడగలేదు, విడిగా కూలీ కట్టలేదు.

పాత కడప బండలు ఉంటే పారేయకండి. మా నూతి దగ్గర పడి ఉన్న బండతో గదిలో పద్దెనిమిది అంగుళాల ఎత్తున ఒక అరుగు కట్టించి పైన పరిపించాం. స్నానం దాని మీద కూర్చునే. బకెట్టు పెట్టుకోవడానికి పక్కన అంతే ఎత్తున ఇంకో దిమ్మ. వంగక్కర్లేదు, పీట మీంచి లేవలేక గోడ పట్టుకోనక్కర్లేదు. ఒక్క జాగ్రత్త, ఈ బండలు సున్నపురాయి జాతివి. వీటి మీద యాసిడ్ పోస్తే పొంగి, తెల్లగా కాలిపోతాయి, ఆ నునుపు మళ్ళీ రాదు. మరకలకు కొబ్బరి పీచు, సబ్బునీళ్ళు చాలు. గచ్చుకూ యాసిడ్ పనికిరాదు.

పైపుల సంగతి త్వరగా చెప్పేస్తాను. సున్నపు గోడలో గాడి కొట్టించవద్దు. గోడ మీదుగానే, క్లిప్పులతో, కనిపించేలా తీసుకుపోండి. కారితే కనబడుతుంది, మార్చడం తేలిక, గోడ బతుకుతుంది. పాత ఇళ్ళలో పైపులు బయటే ఉండేవి గనుక తీరుకూ భంగం లేదు. వేడి నీళ్ళకు సి.పి.వి.సి. పైపు వాడండి. తూము దగ్గర నహానీ ట్రాపు తప్పనిసరి. అందులో రెండంగుళాల నీరు నిలిచి ఉంటేనే కంపూ బొద్దింకలూ పైకి రావు. చాలా రోజులు ఊరెళితే ఆ నీరు ఆవిరైపోతుంది. వచ్చాక ఒక చెంబుడు నీళ్ళు పోయండి. మరుగుదొడ్డి గుంట నూతికి పది మీటర్లకు తక్కువ దూరంలో ఉండకూడదు. మన నేలలో నీరు పైనే ఉంటుంది గనుక ఇంకా దూరమైతే మరీ మంచిది.

ఇప్పుడు కమోడు. చాలామంది పెద్దవాళ్ళకు దీని మీద పట్టుదల ఉంటుంది. మా శ్రీమతి రెండేళ్ళు ఒప్పుకోలేదు. "మా అత్తగారు తొంభై ఏళ్ళు కింద కూర్చున్నారు" అనేది. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు లేవు, ఈవిడకు ఉన్నాయి. చివరకు పక్కింటి వదినగారి ఇంట్లో ఓసారి చూసి వచ్చి, తనే "ఎత్తుది పెట్టించండి" అంది. ఎత్తు పదిహేడు నుంచి పంతొమ్మిది అంగుళాలు ఉండాలి, షాపులో మామూలుగా ఇచ్చేది అంతకంటె పొట్టిగా ఉంటుంది. టేపు పట్టుకెళ్ళి కొలిచి కొనండి. రంగు తెలుపే. పాత ఇంటికి తెలుపు ఎప్పుడూ ఎబ్బెట్టు కాదు, ఖరీదూ తక్కువ.

పక్కన పట్టుకునే కడ్డీలు. దయచేసి ఈ మాట శ్రద్ధగా వినండి. తువ్వాలు ఆరేసుకునే కడ్డీ మనిషి బరువు మోయదు. నేల నుంచి ముప్పై మూడు నుంచి ముప్పై ఆరు అంగుళాల ఎత్తున, పిడికిలికి సరిపోయేలా అంగుళంన్నర లావున, గోడకు అంగుళంన్నర ఎడంగా ఉండాలి. సున్నపు గోడలో స్క్రూ నిలవదు, పొడిపొడిగా రాలిపోతుంది. మేము గోడకు అడ్డంగా ఆ చివరి నుంచి ఈ చివరికి బోల్టు దూర్చి, అవతల వేపు ఒక ఇనుప పట్టీ పెట్టి బిగించాం. బిగించాక మేస్త్రినే ఆ కడ్డీ పట్టుకుని వేళ్ళాడమన్నాను. ఇక్కడ ఇత్తడి కావాలని నేను కోరుకోలేదు. స్టెయిన్‌లెస్ స్టీలే. పాత తీరుకూ ప్రాణానికీ పోటీ వచ్చిన చోట తీరు పక్కకు తప్పుకోవాలి.

తలుపు విషయం కూడా అటువంటిదే. పాత టేకు తలుపు రెక్కలు లోపలికి తెరుచుకుంటాయి. లోపల మనిషి తలుపుకు అడ్డంగా పడిపోతే బయటివాళ్ళు తెరవలేరు. వడ్రంగి చేత అదే తలుపును బయటికి తెరుచుకునేలా బందులు మార్పించాం. గడియ బయటనుంచి కూడా తీయడానికి వీలయ్యేది పెట్టాం. గడప దగ్గర ఇంట్లో కొంత వాదన జరిగింది. నాలుగంగుళాల గడప. పసుపు రాసిన గడప కాదు గదా, స్నానాల గదిది అని చెప్పి, అర అంగుళానికి దించి ఏటవాలు చేయించాం. తీసిన టేకు చెక్క గూటికి అరగా వాడాం.

వెలుతురుకు మంచి ఉపాయం ఒకటి ఉంది. కప్పులో రెండు పెంకులు తీసి అదే కొలత అద్దపు పెంకులు పెట్టించండి. పగలు దీపం అక్కర్లేదు. రాత్రికి, మంచం దగ్గరనుంచి గది దాకా సన్నటి దీపం ఒకటి వెలుగుతూ ఉండాలి.

కరెంటు దగ్గర మాత్రం పొదుపు చేయవద్దు. మన ఇళ్ళల్లో ఇంకా చెక్క బద్దీల వైరింగు ఉన్నవి ఉన్నాయి, చాలావాటికి ఎర్తు లేదు. ఆ వైరుకు గీజరు తగిలించడం చాలా ప్రమాదం. గీజరుకు వేరే లైను, సరైన ఎర్తు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఈ మూడూ ఉన్నాకనే స్విచ్చి వేయండి. మా ఇంట్లో కాగు ఇప్పటికీ పొయ్యి మీదే ఉంది. సంక్రాంతికి మనవలు వచ్చినప్పుడు కొబ్బరి డొక్కలతో ముట్టిస్తాం. మిగతా రోజుల్లో గీజరే. కాగుకు చింతపండు పెట్టి తోమే ఓపిక మాత్రం ఎవరికీ లేదు, అది నల్లబడే ఉంటుంది.

ఖర్చు చెప్పకపోతే మీరు నన్ను వదలరని తెలుసు. మొత్తం తీసేసి కొత్తగా కడతానన్న కాంట్రాక్టరు మూడు లక్షల పదివేలు అన్నాడు. మాకు అయినది ఒక లక్షా నలభై మూడు వేలు. నేల, గోడ గచ్చుకు ముప్పై ఎనిమిది వేలు, సున్నం పనికి పదహారు, పైపులు కుళాయిలు ప్లంబరుకు ఇరవై ఏడు, కమోడుకు పద్నాలుగున్నర, కరెంటు పనికి పదిహేను, గీజరుకు ఎనిమిది, కడ్డీలకు ఆరున్నర, బయట ఛాంబరుకూ పైపుకూ తొమ్మిది, వడ్రంగానికి ఏడు, చెత్త ఎత్తడానికి రెండు. మీ ఊళ్ళో కూలి రేట్లను బట్టి అటూ ఇటూ కావచ్చు. ఒకేసారి పెట్టలేనివారు ముందు కడ్డీలు, తలుపు, రాత్రి దీపం, ఎర్తు చేయించండి. అవి ఒక నెల పెన్షనుకు మించవు. కమోడు, నేల తరవాతి వేసవికి.

మా అబ్బాయి మొదట "అంత డబ్బు ఆ పాత ఇంటి మీదా నాన్నగారూ, రాజమండ్రిలో ఫ్లాట్ తీసుకుందాం" అన్నాడు. పోయిన వేసవిలో వచ్చి పది రోజులు ఉండి వెళ్ళాడు. ఫ్లాట్ మాట ఎత్తలేదు. వెళ్ళేటప్పుడు మండువాలో కారుతున్న పెంకుల లెక్క రాసుకుని వెళ్ళాడు.

గది కొలతలు, కడ్డీల ఎత్తులు, గచ్చు పాళ్ళు ఒక కాగితం మీద బొమ్మ వేసి కార్యదర్శిగారి వద్ద ఉంచాను. కావలసినవారు నకలు తీసుకోవచ్చు. గళ్ళు కొట్టడం వచ్చిన మేస్త్రి కావాలంటే సభ అయ్యాక నన్ను కలవండి, తండ్రికి కాస్త ఆయాసంగా ఉంది గాని కొడుకు ఇప్పుడు బాగా చేస్తున్నాడు.